కొవ్వా, మైనమా? – 1857 నాటి తూటా కథ

1857 నాటి తిరుగుబాటుకు కారణాలు వ్రాయుమని పరీక్షలో ప్రశ్న వస్తే, సమాధానం చివర 'తక్షణ కారణం' అనే శీర్షిక క్రింద ఒక వాక్యం చేర్చడం మన విద్యార్థులకు అలవాటు. క్రొత్త తుపాకుల తూటాలకు ఆవు కొవ్వు, పంది కొవ్వు పూశారనీ, వాటిని పంటితో కొరకవలసి వచ్చిందనీ, అందువల్ల హిందూ ముస్లిం సిపాయిలు ఉభయులూ తిరగబడ్డారనీ ఆ వాక్యం సారాంశం. దానితో మార్కులు వస్తాయి. కాని అడుగవలసిన ప్రశ్న మాత్రం అట్లాగే మిగిలిపోతుంది. సీసపు గుండుకు అసలు కొవ్వు ఎందుకు పూయాలి? అంతకు ముందు నూరేళ్ళుగా సిపాయిలు కాల్చిన తూటాలకు లేని కొవ్వు అప్పుడే ఎందుకు వచ్చింది? పూయక తప్పదనుకున్నా, నూనెయో మైనమో పూయరాదా? ఈ ఆలోచన ఎవరికీ తట్టలేదా?

తట్టింది. ఒకరికి కాదు, పలువురికి తట్టింది. అందరికంటె స్పష్టంగా సిపాయిలకే తట్టింది. ఆ ముచ్చట తెలుసుకోవాలంటే ముందు సీసం గురించి, తుపాకి గొట్టం గురించి కొంచెం తెలుసుకోవాలి.

గుండుకు జిడ్డు దేనికి?

సీసం మెత్తని లోహం. గోటితో గీస్తే గీత పడుతుంది. సుమారు 327 డిగ్రీల సెంటీగ్రేడు వేడికి కరుగుతుంది కాబట్టి దానిని కరిగించడానికి కొలిమి కూడా అక్కరలేదు. మన కోస్తా గ్రామాలలో వలల అంచులకు కట్టే బరువులు సీసంతో చేసినవే. కరిగిన సీసాన్ని అచ్చులో పోసి గుండ్లు తయారు చేసుకొనడం తుపాకి పుట్టిన నాటి నుంచీ ఉన్న పద్ధతి. తేలికగా కరుగుతుంది, బరువు ఎక్కువ, ఉక్కుగొట్టాన్ని గీరదు. గుండుకు కావలసిన గుణాలు ఇంతకంటె ఏముంటాయి?

కంపెనీ సిపాయిలు పద్దెనిమిదవ శతాబ్దం నుంచి వాడిన పాత తుపాకికి ఆంగ్ల సైనికులు పెట్టుకున్న ముద్దుపేరు 'బ్రౌన్ బెస్'. దాని గొట్టం లోపల నున్నగా ఉండేది. గొట్టపు వ్యాసం సుమారు 0.75 అంగుళం కాగా, గుండు వ్యాసం 0.69 అంగుళమే. గుండు వదులుగా జారిపోయేది. దానికి జిడ్డుతో పని లేదు. అయితే వదులుగా పోయిన గుండు వదులుగానే బయటికి వచ్చేది. గోడలకు కొట్టుకుంటూ వచ్చి, చివరగా ఏ గోడను తాకితే ఆ ప్రక్కకు పోయేది. నూరు గజాలు దాటిన తరువాత ఒక మనిషిని గురిచూసి కొట్టడం అదృష్టం మీద ఆధారపడిన పని.

ఈ లోపం పోవాలంటే గుండు బొంగరంలా తిరుగుతూ వెళ్ళాలి. అందుకై గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు తీస్తారు. గాడులున్న తుపాకినే రైఫిల్ అంటారు. గాడులను పట్టుకొని తిరగాలంటే గుండు బిగువుగా ఉండాలి. బిగువుగా ఉన్న గుండును గొట్టం మూతి నుంచి అడుగుదాకా దించడం ఎట్లా? వెనుకటి రైఫిళ్ళలో గుండును కడ్డీతో బలంగా దట్టించవలసి వచ్చేది. యుద్ధంలో అంత వ్యవధి దొరకదు.

దీనికి 1849లో ఫ్రెంచి సైనికాధికారి మినియే చక్కని ఉపాయం చెప్పాడు. గుండ్రని గుండుకు బదులు కోసుగా ఉన్న పొడవాటి గుండును పోసి, దాని అడుగున గుంట చేశాడు. ఆ గుండు గొట్టం కంటె కొంచెం సన్నగా ఉంటుంది, సులభంగా దిగుతుంది. మందు పేలినప్పుడు పుట్టే వాయువు ఆ గుంటలోనికి తన్ని, మెత్తని సీసాన్ని వెడల్పు చేసి గాడులకు అదుముతుంది. దించేటప్పుడు వదులు, వెలువడేటప్పుడు బిగువు. ఈ సూత్రం మీద ఇంగ్లండులో తయారైనదే 1853 నమూనా ఎన్‌ఫీల్డ్ రైఫిల్. గొట్టం 0.577 అంగుళం, గుండు 0.568 అంగుళం. దాని గురిచట్రం మీద 900 గజాల దాకా గుర్తులు ఉండేవి. బ్రౌన్ బెస్ ప్రక్కన పెట్టి చూస్తే ఈ అంకె ఎంతటి మార్పో తెలుస్తుంది.

చిక్కంతా ఆ రెండు అంకెల నడుమ ఉన్న సందులో ఉంది. అంగుళంలో వెయ్యింట తొమ్మిదవ వంతు! అందులోనే కాగితం కూడా పట్టాలి. పైగా ఆనాటి నల్లమందు కాలితే సగానికి పైగా బూడిదగా, గారగా మిగులుతుంది. నాలుగు సార్లు కాల్చేసరికి ఆ గార గొట్టం లోపల గట్టిపడి సందు మూసుకుపోతుంది. ఆపైన గుండు దిగదు. సీసం కూడా రాపిడికి పొరలు పొరలుగా గాడులకు అంటుకుంటుంది. గుండు మీద జిడ్డు ఉంటే గార మెత్తబడుతుంది, సీసం అంటుకోదు, ప్రతి క్రొత్త గుండూ తన ముందుదాని మసిని కొంత తుడుచుకుంటూ దిగుతుంది. జిడ్డు లేని రైఫిల్ కొద్ది తూటాలకే మూగబోతుంది.

ఏ జిడ్డు అనే ప్రశ్నకు సమాధానం కూడా కొంత శాస్త్రమే. వట్టి నూనె పనికిరాదు. కాగితం గుండా దిగి మందును తడిపి పాడు చేస్తుంది. వట్టి తేనెమైనం నిలుస్తుంది గాని చలికి బిగుసుకొని పెళుసుబారుతుంది. మెత్తనిది ఒకటి, గట్టిది ఒకటి కలిపితేనే పని జరుగుతుంది. బ్రిటన్‌లో మెత్తని పదార్థం అంటే చవకగా, విస్తారంగా దొరికేది పశువుల కొవ్వు. అక్కడి కొవ్వొత్తులు, సబ్బులు దానితోనే చేసేవారు. గట్టిది తేనెమైనం. అందువల్ల అక్కడి ఆయుధశాలలలో కొవ్వు పాలు ఎక్కువగా, మైనం పాలు తక్కువగా కలిపి కరిగించి, తూటాల గుండు కొసను అందులో ముంచి తీసేవారు. ఇది ఎవరి మతాన్నో చెరచడానికి కనిపెట్టిన యోగం కాదు. ఒక దేశంలో చేతికి అందిన సరుకును మరొక దేశంలోనూ అట్లాగే వాడవచ్చుననుకున్న అలసత్వం. నా మట్టుకు నాకు దుర్బుద్ధి కంటె ఈ అలసత్వమే ఎక్కువ ఆలోచింపజేస్తుంది.

మైనం కరగడానికి 62 డిగ్రీలకు పైగా వేడి కావాలి. కొవ్వు అంతకంటె చాలా తక్కువ వేడికే మెత్తబడుతుంది. వేసవిలో ఉత్తర హిందూస్థానపు ఎండలో నడిచే సిపాయి తోలుసంచిలో కొవ్వు పూసిన తూటా ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. అంటే మతం మాట ప్రక్కన పెట్టి చూసినా ఈ దేశానికి కొవ్వు కంటె మైనమే తగినది. ఈనాడు అమెరికాలోను, ఐరోపాలోను పాతకాలపు తుపాకులతో గురి పోటీలకు వెళ్ళే అభిరుచిగల వారు ఇంటి దగ్గర పోసుకున్న సీసపు గుండ్లకు తేనెమైనంలో మరొక మెత్తని పదార్థం కలిపి చేతితోనే పూసుకుంటూ ఉంటారు. సూత్రం నూట డెబ్బది యేండ్ల నాటిదే.

తూటాకు రెండు కొసలు

తూటా అంటే ఆనాడు ఇత్తడి గొట్టం కాదు, కాగితపు గొట్టం. ఒక కొసలో కొలిచి పోసిన మందు, రెండవ కొసలో కాగితం చుట్టిన గుండు. సిపాయి మందు ఉన్న కొసను పంటితో కొరికి చింపి, మందును గొట్టంలో పోసి, తూటాను తలక్రిందులు చేసి, గుండు కొసను మూతిలో దూర్చి, మిగిలిన కాగితం చింపి పారవేసి, గజంతో గుండును అడుగుకు నెట్టాలి. జిడ్డు ఉండేది గుండు కొసన. పన్ను తగిలేది మందు కొసన.

పాఠ్యపుస్తకాలలో కనిపించని ఈ సంగతి తెలిసినప్పుడు కొందరికి ఆశ్చర్యం కలుగుతుంది. మరికొందరు, అయితే సిపాయిల భయం నిరాధారమే కదా అని తొందరపడతారు. అది సరికాదు. తూటాలు ఒకదానినొకటి తాకేటట్లు కట్టలుగా కట్టి ఉంటాయి. ఎండకు జిడ్డు ప్రాకుతుంది. దానిని పట్టిన వ్రేళ్ళే రెండవ కొసను నోటికి అందిస్తాయి. ఆచారం పాటించే వానికి అంటు అనేది అంగుళాల లెక్కన ఉండదు. బారక్‌పూర్ లైన్లలో తన వంట తానే వండుకొని, తన చెంబు నీళ్ళు తానే త్రాగే బ్రాహ్మణ సిపాయికి గాని, పంది పేరు వింటేనే దూరంగా జరిగే ముస్లిం సిపాయికి గాని, 'నోరు తగిలేది ఆ కొసన కాదులే' అనే సమాధానం సమాధానమే కాదు.

నాలుగేండ్ల ముందటి హెచ్చరిక

ఎన్‌ఫీల్డ్ తూటాలు ఈ దేశానికి మొదటిసారి 1853లో వచ్చాయి. కాల్చడానికి కాదు, ఇక్కడి వాతావరణానికి జిడ్డు నిలుస్తుందో లేదో పరీక్షించడానికి. అప్పుడు బెంగాల్ సైన్యపు అడ్జుటెంట్ జనరల్‌గా ఉన్న కర్నల్ టక్కర్ ఆ సంవత్సరం డిసెంబరులోనే మిలిటరీ బోర్డును లిఖితపూర్వకంగా హెచ్చరించాడు. ఈ జిడ్డులో ఏమి కలిపారో, అది ఇక్కడివారి కులమతాచారాలకు విరుద్ధం కాదని తేలేదాకా ఈ తూటాలను దేశీయ సిపాయిల చేతికి ఇవ్వరాదనీ, యూరోపియన్ దళాలతోనే పరీక్షింపవలెననీ ఆ లేఖ సారాంశం. ఆ లేఖ బోర్డు దస్త్రాలలోనే ఆగిపోయింది. తూటాలను కలకత్తా, కాన్పూరు, రంగూన్ స్థావరాలలో కాపలా సిపాయిల సంచులలోనే ఉంచి చూశారు. ఆ సిపాయిలు ఏమీ అనలేదు. వారిని ఎవరూ ఏమీ అడగలేదు, వారికి ఎవరూ ఏమీ చెప్పనూ లేదు.

1856లో ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ళను బెంగాల్ సైన్యానికి ఇవ్వడానికి నిర్ణయించి, కలకత్తా దగ్గర డమ్‌డమ్, పంజాబు వైపు అంబాలా, సియాల్‌కోట్‌లలో శిక్షణ డిపోలు తెరిచారు. కలకత్తా ఫోర్టు విలియం ఆయుధశాలలో తూటాలు చేయించారు. ఇంగ్లండు నుంచి వచ్చిన సూత్రం ప్రకారమే కొవ్వు కొన్నారు. కాంట్రాక్టరు సరఫరా చేశాడు. అది ఏ జంతువు కొవ్వు అని ఎవరూ విచారించలేదని ఆయుధశాఖ అధికారులే తరువాత ఒప్పుకున్నారు. కంపెనీ ప్రభుత్వం నూరు పేజీలలో సమర్థించుకోదలచినా ఈ ఒక్క మాటతో అంతా కూలిపోతుంది. విచారించనివాడు 'ఆవుది కాదు, పందిది కాదు' అని ఏ ముఖంతో చెప్పగలడు?

సిపాయిలు చెప్పిన ఉపాయం

1857 జనవరి మూడవ వారంలో డమ్‌డమ్‌లో ఒక ఆయుధశాల ఖలాసీ, ఒక బ్రాహ్మణ సిపాయిని అతని చెంబుతో నీళ్ళు త్రాగనిమ్మని అడిగాడట. నీ కులమేమిటో తెలియదు, ఇవ్వనన్నాడట సిపాయి. త్వరలోనే ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాలు కొరుకుతావు, అప్పుడు నీ కులం ఎక్కడ ఉంటుందో చూతమని ఖలాసీ ఎత్తిపొడిచాడట. ఈ సంభాషణను కెప్టెన్ రైట్ 22వ తేదీన తన పై అధికారికి వ్రాశాడు. ఆ మాట ఎంత పదునుగా ఉందో గమనించండి. అంటరానివాడని నీళ్ళు నిరాకరించబడిన ఒక కూలివాని నోట వచ్చింది. ఆయుధశాలలో ఏమి కలుపుతున్నారో చూసినవాడు అతడే. వేయి సంవత్సరాల నిరాకరణకు ఒక్క ముక్కలో బదులు చెప్పినట్లయింది. మన చరిత్రకారులు తూటాల మీద చూపిన శ్రద్ధ ఈ ఖలాసీ దాహం మీద చూపలేదు.

డిపో అధికారి మేజర్ బోన్‌టీన్ అదే రోజు సాయంత్రం సిపాయిలను నిలబెట్టి, మీకేమైనా చెప్పుకోవలసినది ఉంటే చెప్పండని అడిగాడు. మూడింట రెండు వంతుల మంది ముందుకు వచ్చారు. మర్యాదగానే మాట్లాడారు. తూటాల జిడ్డుపై అనుమానం ఉందన్నారు. అంతటితో ఆగలేదు, ఉపాయం కూడా చెప్పారు. మైనము, నూనె తగుపాళ్ళలో కలిపి వాడితే తమకు అభ్యంతరం లేదన్నారు. ఇంగ్లండులోని నిపుణులు సంవత్సరాల తరువాత గాని చేరుకోని చోటికి ఆ సాయంకాలం వారు చేరుకున్నారు. అప్పటికి డమ్‌డమ్‌లో శిక్షణ కాల్పుల దాకా రాలేదు కూడా. పూసిన తూటా ఒక్కటీ సిపాయి తుపాకిలో పడలేదు.

బారక్‌పూర్‌లో సేనాధిపతిగా ఉన్న జనరల్ హియర్సే దేశభాషలు తెలిసినవాడు, సిపాయిల మనసు ఎరిగినవాడు. కావలసిన దినుసులు బజారులో సిపాయిలే కొనుక్కొని తామే పూసుకొనేటట్లు అనుమతింపవలెనని వ్రాశాడు. జనవరి 27న గవర్నమెంటు ఆ విధంగానే ఉత్తర్వు ఇచ్చింది. తూటాలు జిడ్డు లేకుండా ఇవ్వాలి, ఏది పూయాలో సిపాయి ఇష్టం, తన చేతితో తాను పూసుకోవచ్చు. కాగితాల మీద సమస్య ఐదు రోజులలో పరిష్కారమైపోయింది.

మరునాడే అడ్జుటెంట్ జనరల్ నుంచి ఒక తంతి వచ్చింది. కొన్ని పటాలాలలోని రైఫిల్ కంపెనీలు పాత నమూనా రైఫిళ్ళకు గొర్రె కొవ్వు, మైనం కలిపి పూసిన తూటాలను ఏండ్ల తరబడి వాడుతూనే ఉన్నాయనీ, ఇప్పుడు హఠాత్తుగా ఈ ఉత్తర్వు వెలువడితే లేని అనుమానం వారికీ పుడుతుందనీ అందులోని ఆక్షేపణ. గొర్రె కొవ్వు, మైనమే అయితే పాత పద్ధతినే కానివ్వండని ప్రభుత్వం తల ఊపింది. ఇట్లా ఒక చోట ఒక మాట, మరొక చోట మరొక మాట అయింది. ఏ పదార్థం ఉన్నదో దాచడం ఒక తప్పు. మార్చామని అందరికీ ఒకే గొంతుతో చెప్పలేకపోవడం దానికి తోడైన రెండవ తప్పు.

కొవ్వు పోయి కాగితం వచ్చింది

ఫిబ్రవరి 6న బారక్‌పూర్‌లో విచారణ సంఘం కూర్చుంది. సిపాయిలను పిలిచి అడిగింది. జిడ్డు సంగతి తేలిపోయినట్లే ఉన్నా, వారు ఈసారి కాగితాన్ని చూపారు. క్రొత్త తూటాల కాగితం నున్నగా, మెరుపుగా ఉంది. చింపితే గుడ్డలా చిరుగుతుంది. నిప్పు పెడితే జిడ్డు ఉన్నట్లు చిటపటలాడుతుంది. రసాయన పరీక్ష చేయించగా ఆ కాగితంలో కొవ్వు లేదని తేలింది. తేలినా ప్రయోజనం లేకపోయింది. పరీక్ష చేయించినది ఎవరు? కాగితం చేయించినవారే కదా!

విద్యార్థులు ఇక్కడ ఒక క్షణం ఆగాలి. అనుమానం ఒక పదార్థం మీద పుట్టి మరొక పదార్థం మీదికి ప్రాకిన తీరు ఇది. కొవ్వును మార్చవచ్చు, కాగితాన్ని మార్చవచ్చు, చింపే పద్ధతిని కూడా మార్చవచ్చు. మార్చారు కూడా. మార్చి నెలలో తూటాను పంటితో కాక చేతివ్రేళ్ళతో చింపేటట్లు కవాతు నియమాలను సవరించారు. కాని 1856లో అయోధ్య రాజ్యాన్ని కలుపుకున్నవారు, సముద్రం దాటి పనిచేయడానికి ఒప్పుకుంటేనే సైన్యంలో చేర్చుకుంటామని అదే సంవత్సరం శాసనం చేసినవారు ఈ సవరణ చేస్తున్నారు. బెంగాల్ సైన్యంలో అధిక సంఖ్యాకులకు స్వగ్రామం అయోధ్య ప్రాంతమే. అటువంటి ప్రభుత్వం ఒక్కొక్క అడుగు వెనుకకు వేసినకొద్దీ, ఇంతకు ముందు ముందుకు వేసిన అడుగులో ఏదో ఉన్నదన్న నమ్మకమే బలపడింది.

ఫిబ్రవరి 26 రాత్రి బరంపూరులో 19వ పటాలం, మరునాటి కవాతుకు ఇచ్చిన క్యాపులను తీసుకొనడానికి నిరాకరించింది. (ఇది బెంగాల్‌లోని బరంపూరు, మన గంజాం సరిహద్దులోనిది కాదు.) వారికి ఇవ్వబోయినవి పాత నున్న తుపాకుల తూటాలు. జిడ్డు లేనివి. గుండు కూడా లేనివి. అయితే వాటిలో రెండు రంగుల కాగితం కనబడింది. మార్చి 29న బారక్‌పూర్‌లో మంగళ్ పాండే తుపాకి ఎత్తాడు. 31న 19వ పటాలాన్ని అక్కడికే రప్పించి రద్దు చేశారు. ఏప్రిల్ 8న మంగళ్ పాండేను ఉరితీశారు.

ఆ దినాలలో ఢిల్లీ పౌరులు ఉర్దూలో వ్రాసుకున్న కాగితాలు చూస్తే, తిరుగుబాటు సిపాయిలకు 'తిలంగా' అనే పేరు తరచు కనబడుతుంది. ఆ సిపాయిలలో తెలుగువారు దాదాపు లేరు. పేరు మాత్రం మనదే. నూరేండ్ల క్రితం క్లైవు మద్రాసు నుంచి బెంగాలుకు తీసికొనిపోయిన సిపాయిలను అక్కడివారు తెలంగులన్నారు. ఆ పేరు కంపెనీ యూనిఫారం తొడిగిన ప్రతి సిపాయికీ అంటుకుపోయింది. దక్షిణాదికి ఈ కథలో మరొక సంబంధం కూడా ఉంది. 1806 జూలై 10న వేలూరు కోటలో మద్రాసు సైన్యపు సిపాయిలు తిరగబడినది, టోపీని పోలిన క్రొత్త తలపాగా, దానికి తోలుతో చేసిన గుబ్బ, నొసటి నామాల నిషేధం కారణంగానే. అప్పుడు తోలు, ఇప్పుడు కొవ్వు. నడుమ గడిచిన కాలం ఏబది యేండ్లు. కంపెనీ దస్త్రాలలో వేలూరు లేకపోలేదు. చదివేవారు లేకపోయారు.

అంబాలాలో ఒక నెయ్యి డబ్బా

అన్నిటికంటె బాధాకరమైన ఘట్టం అంబాలా డిపోలో జరిగింది. మార్చి నెలలో అక్కడ శిక్షణలో ఉన్న 36వ పటాలపు చిన్న అధికార్లు ఇద్దరు, ఆ దారిన వచ్చిన తమ పటాలం విడిదికి చూడబోయారు. వారు కిరస్తానీలైపోయారని స్వంత సుబేదారే నిందించి పంక్తికి రానీయలేదు. హుక్కా ఇవ్వలేదు. వారు తిరిగి వచ్చి శిక్షకుడు కెప్టెన్ మార్టినోకు కన్నీళ్ళతో చెప్పుకున్నారు. ఊరికి వెళితే తమతో కంచం పొత్తు ఉండదు, పిల్లకు పెళ్ళి కాదు. ఇక తూటాలో ఏముందన్నది కాదు, ఏముందని లోకం అనుకుంటున్నదన్నదే ముఖ్యమైపోయింది.

ప్రధాన సేనాధిపతి జనరల్ ఆన్సన్ మార్చి 23న ఆ డిపోను తనిఖీ చేశాడు. అప్పటిదాకా ఆ తూటాలను ఆయన చూసి ఉండలేదు. చూసిన తరువాత గవర్నర్ జనరల్ కానింగ్‌కు లేఖ వ్రాస్తూ, సిపాయిల అభ్యంతరం తనకేమీ వింతగా తోచలేదన్నాడు. ఇంత జిడ్డు పూస్తారని తాను అనుకోలేదనీ, అది అచ్చంగా కొవ్వులాగే ఉన్నదనీ, గుండును దించిన తరువాత తుపాకి మూతి అంతా దానితో నిండిపోతున్నదనీ ఒప్పుకున్నాడు. దేశంలోని మొత్తం సైన్యానికి అధిపతి, ఆ సైన్యాన్ని కుదిపివేస్తున్న వస్తువును రెండు నెలల తరువాత మొదటిసారి కంటితో చూశాడు!

కాల్పులు కొన్నాళ్ళు నిలిపి ఉంచుదామని ఆయన అనుకున్నాడు. ఇప్పుడు ఆపితే తప్పు ఒప్పుకున్నట్లవుతుందని కానింగ్ ప్రభుత్వం వద్దన్నది. ఏప్రిల్ మధ్యలో అంబాలా సిపాయిలు ఎన్‌ఫీల్డ్ కాల్పులు ఆరంభించారు. తూటాలకు వారు నెయ్యి, తేనెమైనం కలిపి తమ చేతులతో తామే పూసుకున్నారు. అంటే జనవరిలో డమ్‌డమ్ సిపాయిలు కోరినది ఏప్రిల్ నాటికి అంబాలాలో అక్షరాలా జరిగింది. నెయ్యి వారిదే, మైనం వారిదే, చేయి వారిదే. గుండు హాయిగానే దిగింది. అయినా ఆ రాత్రుల నుంచే కంటోన్మెంటులో ఇండ్లకు నిప్పులు అంటుకొనడం మొదలైంది. జనవరిలో ఈ నెయ్యికి పని చేసే శక్తి ఉన్నది. ఏప్రిల్‌లో అది వట్టి నెయ్యి.

ఏప్రిల్ 24న మీరట్‌లో 3వ అశ్విక దళాధిపతి కర్నల్ కార్మైకేల్ స్మిత్ తొంబది మందిని వరుసలో నిలబెట్టి, తలకు మూడు తూటాలు ఇవ్వజూపాడు. పంటితో కొరకనక్కరలేదు, వ్రేళ్ళతో చింపవచ్చునని వివరించాడు. ఆ తూటాలు వెనుకటివే, కొవ్వు పూయనివే. ఐదుగురు తీసుకున్నారు. ఎనుబదియైదుగురు తీసుకోలేదు. తీసుకుంటే తమ పేరు చెడుతుందన్నారు. పదునైదుగురు దేశీయ అధికార్లతో కూర్చిన సైనిక న్యాయస్థానం వారికి పదేండ్ల కఠిన శిక్ష విధించింది. వారిలో పదునొకండుగురు చిన్నవారికి దానిని ఐదేండ్లకు తగ్గించారు. మే 9న బ్రిగేడు అంతటి ఎదుట యూనిఫారాలు ఊడదీసి కాళ్ళకు సంకెళ్ళు దిగగొట్టారు. 10వ తేదీ ఆదివారం సాయంకాలం మీరట్ లేచింది. 11వ తేదీ ఉదయానికి ఆ సిపాయిలు యమున దాటి ఢిల్లీలో ఉన్నారు.

తరువాత సంగతి

ఇంగ్లండు ఆయుధశాలలు ఎన్‌ఫీల్డ్ తూటాను సవరించాయి. 1859 నాటికి గుండు వ్యాసాన్ని 0.55 అంగుళానికి తగ్గించి సందును పెంచారు. జిడ్డులో కొవ్వును తగ్గించి మైనాన్ని ప్రధానం చేశారు. మతం కోసం కాదు, వేడికి కొవ్వు నిలవడం లేదని, గారపట్టిన గొట్టంలో గుండు ఇరుక్కుంటున్నదని. డమ్‌డమ్ సిపాయిలు అడిగిన మైనం ఆ విధంగా చివరకు తూటా మీదికి వచ్చింది.

సిపాయికి మాత్రం అది అక్కరకు రాలేదు. తిరుగుబాటు అణగిన తరువాత దేశీయ దళాల కొరకు ఎన్‌ఫీల్డ్ ఆకారంలోనే వేరొక తుపాకి చేయించారు. 1858, 1859 నమూనాలని దానికి పేరు. చూడడానికి రైఫిల్‌లాగే ఉంటుంది. గొట్టాన్ని మాత్రం 0.65 అంగుళానికి పైగా వెడల్పు చేసి, లోపల గాడులు లేకుండా నున్నగా తొలిపించారు. దాని గురి మళ్ళీ నూరు గజాల సంగతే. గాడులు లేవు కాబట్టి గుండు వదులుగా జారిపోయేది.